ఎర్రోడి పుట్టుపూర్వోత్తరాలు

నల్లగొండ,
8 జనవరి 1958

బావ గుర్వయ్యకు ఐలేశం నమస్కారాలు.

ఈ ఉత్తరం అందగానే గొంగడి దులుపుకుని లేచి, ఒక దారం తీసుకుని మన ఎర్రోడిని కొలవాలి. ఎందుకని అడగకు. అడుగుతావని తెలుసు గనుక నేనే చెబుతున్నాను.

నేను పనిచేసే గ్రంథాలయానికి వేటకుక్కల మీద ఒక చిన్న పుస్తకం వచ్చింది. ముప్పై రెండు పేజీలు. మూడుసార్లు చదివాను. మూడోసారి బల్ల గుద్దితే సిరాబుడ్డి బోర్లాపడి వారం రోజుల పత్రికలు నీలంగా మారాయి. ఆ పుస్తకం లెక్కన మన దక్కనులో జాతి కుక్క ఒక్కటే ఉంది. అది గుర్రాల వర్తకుల వెంట పరదేశం నుంచి వచ్చింది. సుల్తానులు పెంచారు, సర్దార్లు పెంచారు, ఇప్పుడు దొరలు పెంచుతున్నారు. మరి గొర్లకాపరి కుక్క మాటేమిటని పేజీలన్నీ తిరగేశాను. చిట్టచివర ఒకే వాక్యం కనబడింది: "తక్కినవి వీధికుక్కలు."

బావా, నా రక్తం ఉడికిపోయింది. చరిత్రలో కాపరి పేరు రాయలేదు, ఓర్చుకున్నాం. కాపరి కుక్క పేరు కూడా రాయరా? నాకు తోచేదేమిటంటే, ఆ జాతి కుక్క అసలు మనదే. దొరలు గుంజుకుని పరదేశం పేరు తగిలించారు. రుజువు చేసి చూపిస్తాను.

పుస్తకంలో చెప్పిన లక్షణాలివి. మూతి పొడుగ్గా, సన్నగా ఉండాలి. చెవులు వేలాడాలి. రొమ్ము లోతుగా, నడుము పిడికెడు. తోక జారుగా కిందికి దిగి వెనక కాలి మడమను తాకాలి. పాదం కుందేటి పాదంలా ఉండాలి. ఒక్కొక్కటీ కొలిచి రాయి. వాడు ఏ దేశం నుంచి వచ్చాడో, వాడి తాతముత్తాతలెవరో అది కూడా విచారించి రాయి.

అక్కతో చెప్పు, కట్టంగూర్ సంబంధం సంగతి మళ్ళీ ఎత్తవద్దని. ఈ దేశంలో మనిషిని మనిషిగా చూసే రోజు వచ్చేదాకా నేను పెళ్ళి చేసుకోను. ఇది ప్రతిజ్ఞ.

ఇట్లు, ఐలేశం


ఆత్మకూర్,
19 జనవరి

బామ్మర్ది ఐలేశానికి బావ గుర్వయ్య రాసేది.

మా పెళ్ళైన ఏడు గొర్ల దొడ్డి దగ్గర ఇసుకలో నువ్వు నేర్పిన అక్షరాలతోనే నీకు రాస్తున్నాను. కొమ్ములు, గుడులు తప్పితే గురువుదే తప్పు.

దారంతో కొలవబోతే ఎర్రోడు దారం తినేశాడు. అందుకని ఉన్ని తాడు తీసుకున్నాను. మూతి నా జానలో ముప్పాతిక. సన్నగా ఏమీ లేదు, మీ పెదనాయిన మూతిలాగా మొదట వెడల్పు, కొసన కోపం. చెవులు వేలాడాలన్నావు. వీడివి నిలబడే ఉంటాయి. చేత్తో వంచితే వేలాడాయి, వదిలితే లేచాయి. నాలుగుసార్లు చూశాను. నడుము ఎండకాలంలో పిడికెడు, వానకాలంలో రెండు పిడికిళ్ళు. నీకు ఏ కాలంది కావాలి? తోక వీపు మీద చుట్టచుట్టుకుని ఉంటుంది. విప్పి కొలుద్దామని మీ అక్క బీరమ్మ పట్టుకున్నది. ఎర్రోడు ఆమెను చూసిన చూపు, మొన్న నేను జొన్నల గంపకు అడ్డంగా పడుకుంటే ఆమె నన్ను చూసిన చూపు ఒక్కటే. కొలత మానుకున్నాం.

నీ పుస్తకంలో లేనివి నేను చెబుతాను. వీడి తల్లి నల్లమ్మ ఏడాదికి ఒకే ఒక్కసారి పిల్లలను పెట్టేది. ఊళ్ళో పటేలు పట్నం నుంచి తెచ్చిన కుక్క రెండుసార్లు పెడుతుంది. వీడు కళ్ళు తెరవకముందే, మన పద్ధతి ప్రకారం, తీసుకుపోయి పాలిచ్చే గొర్రె పొదుగు కింద పెట్టాము. గొర్రెపాలతోనే పెరిగాడు. అందుకే తాను కుక్కనన్న సంగతి వాడికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఇంకొకటి. మన మందలు మేసే గుట్ట మీద, రాతిచరియ కింద, ఎర్రమన్నుతో గీసిన పాత బొమ్మలున్నాయి. ఎవరు గీశారో మా తాతకు కూడా తెలియదు. ఎద్దులు, కట్టెలు పట్టుకున్న మనుషులు, వాళ్ళ వెనక చెవులు నిక్కబొడుచుకున్న ఒక కుక్క. దాని తోక కూడా చుట్టే.

ఏ దేశం నుంచి వచ్చిందని అడిగావు. నాకు తెలుసు. ఇప్పుడు చెప్పను. చెబితే మళ్ళీ బల్ల గుద్దుతావు, సిరా దండగ.

మీ అక్క రాయమన్న మాట: "పెండ్లి వద్దంటే వద్దు గని, జర వేళకు తిను తమ్మీ."

గుర్వయ్య


నల్లగొండ,
27 జనవరి

బావకు,

చెవులు నిలబడినంత మాత్రాన నిరాశపడవద్దు. వందల ఏళ్ళు తోడేళ్ళ కోసం చెవులు రిక్కించీ రిక్కించీ అట్లా నిలిచిపోయాయి. అది శ్రమ తెచ్చిన మార్పు. తోక కూడా అంతే. రాతి మీది బొమ్మల మాట వదిలెయ్, పనిలేని వాళ్ళెవరో గీసి ఉంటారు. మనకు కావలసింది శాస్త్రం.

ఎర్రోడు అనే పేరు నాకు నచ్చలేదు. రంగును బట్టి పిలవడం అవమానం. ఈ రోజు నుంచి వాడి పేరు రక్తధ్వజుడు.

ఇక్కడి పశువుల దవాఖానలో కుక్కలకు పిచ్చి రాకుండా సూదిమందు వేస్తున్నారు. లారీ ఎల్లస్వామి మన వైపు వస్తున్నాడు, అతనితో రక్తధ్వజుడిని పంపించు. ఎనిమిది రోజుల్లో తిరిగి పంపుతాను. ఫికర్ చేయవద్దు.

ఐలేశం


ఆత్మకూర్,
5 ఫిబ్రవరి

బామ్మర్దికి,

పంపాను. మీ అక్క ఏడుస్తుంటే చూడలేక ఎర్రోడే లారీ ఎక్కి కూర్చున్నాడు. పొద్దున జొన్నగట్క, సాయంత్రం అంబలి. మెడకు తాడు కట్టకు, నువ్వు పిలిస్తే వస్తాడు. ఎర్రోడా అనే పిలవాలి. నువ్వు పెట్టిన పేరుతో నేను పిలిచి చూశాను. లేచి అవతలికి పోయి పడుకున్నాడు.

ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకో. శివరాత్రి దాటగానే మంద కృష్ణ ఒడ్డు చేలకు పోవాలి. ఎరువు కోసం మందను చేలల్లో ఆపుతానని రైతులకు మాటిచ్చాను. ఆ ఒడ్డున తోడేళ్ళున్నాయి. ఈ ఏడు ఈనినవి ఇరవై ఆరు పిల్లలు. నల్లమ్మకు పండ్లు ఊడిపోయాయి. ఎర్రోడు లేకుండా నేను మందను కదపలేను. సూది అయిన రోజే వాణ్ణి లారీ ఎక్కించు.

గుర్వయ్య


నల్లగొండ,
17 ఫిబ్రవరి

బావకు,

సూదిమందు ఇంకా రాలేదు. ప్రభుత్వం సంగతి నీకు తెలిసిందే. ఇంకొన్ని రోజులు పడుతుంది.

రక్తధ్వజుడు క్షేమం. కాకపోతే కొత్త పేరుకు ఇంకా పలకడం లేదు. నేను వీధిలో నిలబడి "రక్తధ్వజా!" అని కేక వేస్తే గ్రంథాలయానికి వచ్చిన ముసలాయన ఒకరు లేచి నిలబడ్డారు, ఏదో సభ మొదలైందనుకుని. చెవులు జారడానికి ఆముదం రాసి చూశాను, నిగనిగలాడుతూ నిలబడ్డాయి. పరుగు నేర్పుదామని ఒక కుందేలును తెచ్చి వదిలాను. వాడు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, మూలకు చేర్చి, ఎదురుగా కావలి కూర్చున్నాడు. నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు.

మా వీధిలో బిక్షమ్మకు ఆరు మేకలున్నాయి. పొద్దున లేచింది మొదలు వాడి మకాం అక్కడే. నిన్న ఆమె వచ్చి "నీ కుక్క మా మేకలను గల్మ దాటనిస్తలేదు బిడ్డా, నేను సుత దాని మాటనే వింటున్న" అని మొరపెట్టుకుంది.

ఐలేశం


ఆత్మకూర్,
కృష్ణ ఒడ్డు,
24 ఫిబ్రవరి

ఐలేశానికి,

శివరాత్రి పోయింది. ఇచ్చిన మాటకు కట్టుబడి మందను ఒడ్డుకు తోలాను. మొన్న పొద్దుగూకే వేళ తోడేలు ఒక పిల్లను ఎత్తుకుపోయింది. నిన్న ఇంకొకటి. నల్లమ్మ పండ్లు లేని నోటితో దాని వెంటపడి కాలు విరగ్గొట్టుకుని వచ్చింది. నేను, మీ అక్క వంతులవారీగా కట్టె పట్టుకుని నిలబడుతున్నాం.

దవాఖానలో సూదికి ఇరవై రోజులు పడుతుందా? ఎల్లస్వామి అక్కడ విచారించాడట. కుక్కకు సూది వేయించడానికి నువ్వు ఒక్కసారి కూడా రాలేదన్నారట. నిజం రాయి.

గుర్వయ్య


నల్లగొండ,
28 ఫిబ్రవరి

బావా,

నిజం రాస్తున్నాను. చదివాక నన్ను తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

హాలియా పక్క ఒక దొరకు మామిడితోట ఉంది. ఆ తోట గుమాస్తా మారయ్య పత్రికలు చదవడానికి మా గ్రంథాలయానికి వస్తాడు. వేటకుక్కల పుస్తకం నా చేతిలో చూసి నవ్వాడు. "గొర్లోళ్ళకు కుక్కలెక్కడియివయ్యా? గొర్లెంబడి తిరిగే ఇంకో నాలుగు గొర్లు, గంతే" అన్నాడు. పదిమందిలో అన్నాడు బావా. నేను ఆ పుస్తకం అట్ట వెనకే పందెం రాసి సంతకం పెట్టాను. మార్చి తొమ్మిదిన ఇక్కడ పశువుల ప్రదర్శన ఉంది. ప్రభుత్వ పశువైద్యుడు వచ్చి మన కుక్కను జాతి కుక్క అని ఒప్పుకుంటే, మారయ్య అందరి ముందు దానికి రెండు చేతులెత్తి దండం పెట్టాలి. ఒప్పుకోకపోతే కుక్కను హాలియా తోటలో గొలుసుకు కట్టడానికి ఇచ్చేయాలి.

అప్పుడు గెలుస్తాననే అనుకున్నాను. ఇప్పుడు ఆరు లక్షణాల్లో పాదం ఒక్కటే సరిపోతోంది. అదీ మూడు పాదాలే, నాలుగోది ముల్లు గుచ్చుకుని వాచింది. మాట తప్పితే మనవాళ్ళందరి మాటా తప్పినట్టవుతుంది. తప్పకపోతే ఎర్రోడు పోతాడు. ఇప్పుడే గమనించాను, ఎర్రోడు అని రాశాను.

ఏం చేయను?

ఐలేశం


కృష్ణ ఒడ్డు, ఆత్మకూర్ తాలూకా,
5 మార్చి

ఐలేశానికి,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. ఆమె రోకలి పక్కన పెట్టి అన్న మాటలు ఒక్కటి విడవకుండా రాస్తున్నాను:

"గానికి ఎవరిచ్చిండ్రు గా హక్కు? నా కుక్కను పందెం కాసుడేంది? పుస్తకాలు చదివి సమానం సమానం అంటడు, అక్కను ఒక్క మాట అడగాలెనని తెల్వదా? ఎర్రోడు లేకుంట నా గడప తొక్కొద్దని రాయి. ఇంకోపాలి రాయి, పెద్ద అక్షరాలతోని."

ఎర్రోడు లేకుండా నా గడప తొక్కొద్దు.

ఇప్పుడు నువ్వు మొదట అడిగినదానికి జవాబు చెబుతాను. ఎర్రోడు ఏ దేశం నుంచి వచ్చాడు? మీ ఇంటి నుంచి వచ్చాడు. మీ అమ్మ తిరగలి వెనక పుట్టిన నల్లమ్మను కొంగులో మూటగట్టుకుని మీ అక్క నా ఇంటికి కాపురానికొచ్చింది. నల్లమ్మ అమ్మమ్మను మీ అమ్మ తన పుట్టింటి నుంచి తెచ్చుకుంది. దాని అమ్మమ్మను మీ అమ్మమ్మ తెచ్చుకుంది. మీ ఇంట్లో ఆడపిల్ల అత్తవారింటికి పోతే ఒక ఆడకూన వెంట పోవాలి, ఇది మీ పద్ధతే. మీ అక్కను అడిగితే తొమ్మిది తరాల కుక్కతల్లుల పేర్లు వరసగా చెప్పింది. మధ్యలో ఒక చోట అత్తల పేర్లు మరిచిపోయింది గానీ కుక్కల పేర్లు మరిచిపోలేదు. ఆ తొమ్మిది పేర్లు వెనక వైపు రాసి పంపుతున్నాను. సుల్తానులకు పట్టీలున్నాయి గదా, ఇది మా పట్టీ.

పరదేశాలన్నీ వెతికావు. తిరగలి వెనక చూడలేదు.

నేను మందను విడిచి రాలేను. కుక్క నీది కాదు, నాది కాదు, మీ అక్కది. ఎట్లా తీసుకొస్తావో నీ ఇష్టం.

గుర్వయ్య


నల్లగొండ,
12 మార్చి

బావకు, అక్కకు,

అక్కా, ముందుగా నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. ఉత్తరంలో కనబడదు గానీ పట్టుకున్నాను.

తొమ్మిదో తారీఖు ప్రదర్శన జరిగింది. మైదానంలో ఒకవైపు ఎడ్లు, ఒకవైపు గొర్లు, చివర కుక్కలు. నా ఎర్ర మఫ్లరుతో ఎర్రోడిని కట్టి నిలబడ్డాను. పక్కన దొర వేటకుక్క, పట్టుగుడ్డ కప్పి ఉంది. వెనక మారయ్య, చేతిలో కొత్త గొలుసు.

పశువైద్యుడు మెత్తని మనిషి. నా చేతిలో పుస్తకం చూసి ఒక్కొక్క లక్షణమే అడుగుతూ వచ్చారు. చెవులు? లేవు. మూతి? లేదు. తోక దగ్గరికి వచ్చేసరికి మారయ్య గొలుసు గలగలలాడించాడు. సరిగ్గా అప్పుడే దొర కుక్క పట్టు తెంచుకుని గొర్ల దొడ్డి వైపు దూకింది. నా చేతిలో మఫ్లరు మిగిలింది, ఎర్రోడు మిగలలేదు. కంచె మీదుగా ఎగిరి, గొర్లకూ వేటకుక్కకూ నడుమ నిలబడ్డాడు. కరవలేదు, మొరగలేదు. వేటకుక్క పక్కకు జరిగితే వాడూ జరిగాడు, అది తిరిగి వస్తే వాడూ ఎదురు వచ్చాడు. అది కాసేపు చూసి, తోక కాళ్ళ నడుమ దోపుకుని, పోయి పట్టుగుడ్డ మీద పడుకుంది. గొర్లన్నీ ఎర్రోడి వెనక గుంపుగా చేరాయి.

ఇక వాడు బయటికి రానన్నాడు. "రక్తధ్వజా!" అని పిలిచాను. మైదానమంతా నవ్వింది. ఆ దొడ్డి కాపరుల్లో ఒక పిల్ల ఉంది. ఎవరో నాకు తెలియదు. "గదేం పేరు? నిన్నట్ల పిలిస్తే నువ్వొస్తవా?" అని నన్ను గదమాయించి, వాడి పాదం పట్టి చూసి, ముల్లు తీసింది. "కుక్కకు ముల్లు గుచ్చి ఎన్ని దినాలాయె? పుస్తకంల రాయలేదా?" అంది. నేను పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను.

పశువైద్యుడు దొడ్డిలోకి వచ్చారు. "దీని తల్లి ఏడాదికి ఎన్నిసార్లు పెడుతుంది?" అని అడిగారు. జేబులోంచి నీ జనవరి ఉత్తరం తీసి చదివాను. రాతి బొమ్మల మాట రాగానే ఆపమని, మళ్ళీ చదవమన్నారు. అక్క చెప్పిన తొమ్మిది పేర్లు కూడా చదివించుకున్నారు. తరువాత మారయ్య వైపు తిరిగి అన్నారు: "ఈయన తెచ్చిన పుస్తకం తప్పు పుస్తకమయ్యా. ఇది ఆ వేటకుక్క కాదు. అది గుర్రాలతో వచ్చింది. ఇది గుర్రాలు రాకముందు నుంచి ఇక్కడే ఉన్నది. నిలబడ్డ చెవులు, చుట్టిన తోక, ఏడాదికి ఒక ఈత, ఇవన్నీ దీని లక్షణాలు. ఒకరు తయారుచేసిన జాతి కాదు, ఈ నేల మీద తనంతట తాను నిలిచిన జాతి. ఆ బొమ్మ గీసినవాడి ఎదుట కూర్చున్నది ఇట్లాంటిదే."

రాసి ఇమ్మన్నాను. ఇచ్చారు. ఈ లోపల ప్రదర్శన లెక్కలు రాసే గుమాస్తా ఒకాయన గొర్ల దొడ్డిలో తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఎర్రోడిని కూడా కలిపేసుకున్నాడు. ఆ దొడ్డికి మూడో బహుమతి వచ్చింది. కాబట్టి మనవాడికి రెండు కాగితాలు. ఒకటి ప్రాచీన జాతి కుక్క అని, ఒకటి మంచి గొర్రె అని. రెండోదే వాడికి ఎక్కువ నచ్చినట్టుంది.

మారయ్య గ్రంథాలయంలో దండం పెట్టాడు. ఎర్రోడు ఆయన చెప్పు ఒకటి నోట కరుచుకుని పోయి బిక్షమ్మ మేకల నడుమ దాచాడు.

ఎర్రోడిని ఈ రోజే ఎల్లస్వామి లారీలో పంపుతున్నాను. నేనూ వెంట వచ్చేవాణ్ణి, కానీ అక్క ముఖం చూడాలంటే ఇంకా ధైర్యం రావడం లేదు. ఆ పుస్తకం రాసిన వాళ్ళకు పదకొండు పేజీల జవాబు రాస్తున్నాను.

ఒక మనవి. ఈ వంశంలో ఒక కూనను నాకు ఇప్పించండి, పెంచుకుంటాను. మఫ్లరు ఎక్కడో పోయింది.

ఐలేశం


కృష్ణ ఒడ్డు,
25 మార్చి

బామ్మర్దికి,

ఎర్రోడు వచ్చాడు. లారీ దిగి నన్ను చూడలేదు, మీ అక్కను చూడలేదు. నేరుగా మందలోకి పోయి ఒక్కొక్క పిల్లనూ మూచూశాడు. ఇరవై నాలుగే ఉన్నాయని తెలిసిందేమో, ఆ రోజంతా ఏమీ తినలేదు. అది చూసి నీ మీద ఇంకోసారి కోపం వచ్చింది. వాడు వచ్చాక తోడేలు ఇటు రాలేదు, ఆ కోపం కూడా పోయింది. మీ అక్క వాడికి గట్క పెడుతూ "గా పిచ్చోడు ఎట్లున్నడు?" అని వాణ్ణే అడుగుతోంది. కాబట్టి నువ్వు గడప తొక్కవచ్చు.

ఇక నీ మనవి. కూనను ఇవ్వడం కుదరదు. అది ఆడపిల్ల వెంటనే పోతుంది. నువ్వు ఆడపిల్లవు కావు. మీ అక్కతో మీ ఇంట ఆడపిల్లలు అయిపోయారు. ఇదే పద్ధతి ఉన్న ఇల్లు నాకు తెలిసినంతలో ఇంకొక్కటే ఉంది. కట్టంగూర్‌లో. వాళ్ళ పిల్ల నర్సింగమ్మ ఎర్రని ఆడకూనను ఒకదాన్ని పెంచుతోందట. వాళ్ళ గొర్లకు ఈ నెల నల్లగొండలో మూడో బహుమతి వచ్చిందట.

ఎల్లస్వామి లారీ ఈసారి సరుకు దింపడానికి కట్టంగూర్ చుట్టి వచ్చింది. ఆ ఇంటి దండెం మీద ఉతికి ఆరేసిన ఎర్ర మఫ్లరు ఒకటి కనబడిందని చెప్పాడు. ఎవరిదో నాకు తెలియదు.

గుర్వయ్య


నల్లగొండ,
4 ఏప్రిల్

బావకు,

మనిషిని మనిషిగా చూసే రోజు వచ్చేదాకా పెళ్ళి చేసుకోనని జనవరిలో రాశాను. ఆ మాట మీదే ఉన్నాను. అయితే ఆ పని ఒక్కడి వల్ల అయ్యేది కాదని, ముల్లు గుచ్చుకున్న సంగతి చూసి చెప్పేవాళ్ళు ఒకరు పక్కన ఉండాలని ఇప్పుడు అర్థమైంది.

నువ్వు, అక్క కట్టంగూర్ వెళ్ళి రండి. ఆ పిల్ల ఇష్టమేమిటో ముందు ఆమెనే అడగాలి, పెద్దవాళ్ళను కాదు. ఇది షరతు. కూన తోక ఎట్లా ఉందో చూసి రావాలి. కొలవవద్దు, చూస్తే చాలు.

మఫ్లరు మాత్రం అడిగి తేకండి. అక్కడే ఉండనివ్వండి.

ఎర్రోడికి నా దండాలు.

ఐలేశం